లంగరు తాడు ఎంత పొడవుండాలి?

బందరు అనే మాట పారసీకం నుంచి వచ్చింది. ఓడలు ఆగే రేవు అని దాని అర్థం. లంగరు కూడా పారసీక పదమే. సరంగు, నాఖుదా అనే మాటలు కూడా ఆ ఒడ్డు నుంచి సముద్రం దాటి మన ఒడ్డుకు చేరినవే. గిలకలదిండిలో పడవ నడిపే పల్లెకారు సోదరుడు ఉదయం లేచింది మొదలు ఈ మాటలను తన అమ్మభాషగానే పలుకుతాడు. అవి ఎక్కడి నుంచి వచ్చాయని అతనికి ఎవరూ చెప్పలేదు, చెప్పవలసిన అవసరమూ లేదు. పేదలకు అన్నం పెట్టే ఉచిత వంటశాలకూ లంగరనే పేరుంది. ఆకలితో తిరిగేవాణ్ణి ఒకచోట నిలబెట్టేది కూడా లంగరే కదా అని నాకు చాలాసార్లు అనిపించింది.

అరబ్బీలో ఓడ నిలిచే చోటును మర్సా అంటారు. మధ్యధరా సముద్రం చుట్టూ ఈ మాట ఊళ్ల పేర్లలో మిగిలిపోయింది. మాల్టా ద్వీపంలో మర్సా, మర్సాష్‌లోక్ ఉన్నాయి. అల్జీరియాలో మర్స్ అల్ కబీర్ ఉంది. సిసిలీలోని మర్సాలా కూడా ఆ మాటతోనే మొదలవుతుంది. సూరా హూద్‌లో నూహ్ (అలైహి) తన వారిని ఓడ ఎక్కించేటప్పుడు, దాని నడకా, దాని ఆగడమూ రెండూ అల్లాహ్ పేరుతోనే అని చెప్పిన సందర్భం మనందరికీ తెలుసు. అక్కడ ఆగడానికి వాడిన ‘ముర్సాహా’ అన్న పదం ఈ ధాతువు నుంచే పుట్టింది. పర్వతాలకు ఖుర్‌ఆన్ వాడిన ‘రవాసీ’ అనే పదం కూడా అదే కుటుంబానికి చెందినది. ఆ ఆయతు చదివేటప్పుడు మనలో చాలామంది దృష్టి నడక మీదే నిలుస్తుంది. ప్రయాణానికి దుఆ చేస్తాం, బండి కదిలేటప్పుడు బిస్మిల్లాహ్ అంటాం. ఆగడం కూడా ఒక పని అనీ, దానికీ తెలివీ శ్రమా కావాలనీ సముద్రం మీద పనిచేసేవారికే బాగా తెలుస్తుంది. నేను పడవల ఇంజన్లు బాగుచేసేవాణ్ణి. ఇప్పుడు చిన్న విడిభాగాల దుకాణం నడుపుకుంటున్నాను. ఈ విషయం నాకు తెలిసింది ఆ పని వల్లనే.

మధ్యధరా సముద్రపు దీవుల్లో మూడు వైపులా కొండలున్న చిన్న చిన్న అఖాతాలు ఉంటాయి. విహార నౌకలవారు రాత్రిపూట వాటిలోకి వచ్చి లంగరు వేసుకుంటారు. నాలుగో వైపు సముద్రానికి తెరిచి ఉంటుంది. గాలి ఆ వైపుకు తిరిగిందంటే, సాయంత్రం ఆశ్రయంగా కనిపించిన చోటే అర్ధరాత్రికి ఉచ్చు అవుతుంది. అందుకే అనుభవజ్ఞుడైన నావికుడు అక్కడ లంగరు వేసేటప్పుడే, చీకట్లో ఎటు దారిపట్టి బయటపడాలో చూసి పెట్టుకుంటాడు. మన తీరానికి ఆ మూడు కొండలు కూడా లేవు. కృష్ణమ్మ తెచ్చిపోసిన ఒండ్రు మీద, చదునైన తీరం, లోతు తక్కువ సముద్రం. తూర్పు నుంచి వచ్చే గాలికి అడ్డు నిలిచేది ఏదీ లేదు.

ఆ లోతు తక్కువతనమే బందరు చరిత్రను రాసింది. గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో ఇది రాజ్యానికి పెద్ద సముద్రద్వారం. ఇక్కడి నుంచి కలంకారీ బట్టలు పర్షియాకు వెళ్లేవి, హజ్ యాత్రికులు ఎర్ర సముద్రం వైపు ఓడ ఎక్కేవారు. 1611లో ఇంగ్లీషువారు ఇక్కడ వర్తకశాల పెట్టారు, డచ్చివారు అంతకు కొద్ది ఏళ్ల ముందే వచ్చారు. ఇంత పేరున్న రేవులో పెద్ద ఓడ ఒడ్డుకు రాగలిగేది కాదు. మైళ్ల దూరంలో, తెరిచిన సముద్రంలో లంగరు వేసుకుని నిలిచేది. మనుషులూ సరుకూ చిన్న పడవల మీద రావాలి, పోవాలి. హజ్‌కు బయలుదేరిన ముసలివారు మొగ దాటే చిన్న పడవలో కెరటాలకు ఎగిరిపడుతూ, దూరంగా లంగరు మీద ఊగుతున్న ఓడను చూస్తూ ఏమని దుఆ చేసి ఉంటారో! తల్బియా కంటే ముందు వారి నోట వచ్చినది మరేదో అయి ఉంటుంది.

లంగరు పడవను బరువుతో ఆపుతుందని ఒడ్డున ఉన్నవారు అనుకుంటారు. అది నిజం కాదు. టన్నుల బరువున్న పడవను కెరటాలు ఎత్తి విసురుతుంటే, ఇద్దరు మనుషులు మోయగల ఇనుము బరువుతో ఏమి ఆపగలదు? బక్రీదుకు తెచ్చిన పొట్టేలును పెరట్లో గుంజకు కట్టేస్తాం. అది రాత్రంతా పక్కకు లాగుతూనే ఉంటుంది, గుంజ కదలదు. పండుగ అయ్యాక మనం ఆ గుంజను రెండు చేతులతో పట్టి నిలువుగా పైకి లాగితే సులువుగా ఊడి వస్తుంది. లంగరు రహస్యం అంతా ఇదే. దాని కొక్కెం నేలలో దిగి నిలవాలంటే, లాగుడు నేలబారుగా రావాలి. తాడు పొట్టిగా ఉంటే లాగుడు పైకి ఉంటుంది, కొక్కెం ఊడిపోతుంది. తాడు పొడుగ్గా ఉంటే పడవ ఎంత ఎగిరినా ఆ లాగుడు అడుగున వాలుగానే చేరుతుంది. లంగరుకూ తాడుకూ మధ్య కట్టే ఇనుప గొలుసు పని కూడా అదే. తన బరువుతో అది నేలమీద పడి ఉండి, లాగుడును వంచి ఉంచుతుంది.

ఎంత పొడుగు అన్నదానికి లెక్క ఉంది. నీటి లోతుకు, నీటిపై నుంచి పడవ అంచు వరకు ఉన్న ఎత్తును కలపాలి. పోటు వస్తే పెరిగే నీటిని కూడా కలపాలి. మన దగ్గర అది మామూలుగా ఒక మీటరు పైచిలుకు. ఆ మొత్తానికి కనీసం అయిదు రెట్లు తాడు వదలాలి, గాలి పెరిగితే ఏడు రెట్లు, ఇంకా పెరిగితే ఉన్నదంతా. పల్లెకారు సోదరులు లోతును బారల్లో కొలుస్తారు. రెండు చేతులూ చాపితే ఒక బార. నాలుగు బారల లోతులో, అంచు ఎత్తుతో కలిపి అయిదనుకుంటే, గాలి రాత్రికి ముప్పై అయిదు బారల తాడు కావాలి. ఇది ఖర్చుతో కూడిన మాట. అందుకే చాలా పడవల్లో ఇరవై బారలకు మించి ఉండదు.

కృష్ణా డెల్టా అడుగు బురద. బురదలో లోతుగా దిగిన లంగరు గట్టిగానే పట్టుకుంటుంది, కాని ఒకసారి ఊడిందంటే మీద మట్టిముద్ద అంటుకుని మళ్లీ దిగదు, వెన్నలో కత్తిలా జారిపోతుంది. దాన్ని పైకి తీసి, కడిగి, మళ్లీ వేయాలి. గాలిలో, చీకట్లో అది ఎంత పనో చేసినవారికి తెలుసు.

కొన్నేళ్ల కిందట ఒక నవంబరు నెలలో, గేరుపెట్టెలో శబ్దం వస్తోందనీ, సముద్రంలో నడిపి చూడమనీ ఒక పడవ యజమాని అడిగారు. మధ్యాహ్నం మూడు గంటల పోటు మీద మొగ దాటాము. పడవలో నాతో కలిపి ఏడుగురం. ఆ పోటు తగ్గేలోగా తిరిగి వచ్చేయాలని అనుకున్నాము. గేరుపెట్టె సంగతి అరగంటలో తేలిపోయింది. తిరిగే వేళకు కెరటాల కుదుపుకు డీజిలు ట్యాంకు అడుగున పేరుకున్న మడ్డీ నీరూ కదిలి గొట్టాల్లోకి వచ్చాయి, ఇంజను ఆగిపోయింది. సరంగు వెంటనే లంగరు వేయించారు. నాలుగు బారల లోతు, పన్నెండు బారల తాడు. కాసేపటి పనే కదా అని.

మగ్రిబ్ వేళకు ఈశాన్యపు గాలి మొదలైంది. నేను దీపం పెట్టుకుని ఫిల్టర్లు విప్పి, నీళ్లు తీసి, గొట్టాల్లోని గాలిని బయటికి పంపే పనిలో ఉన్నాను. పాటు మొదలై, మొగలోని ఇసుకమేట మీద కెరటాలు విరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఆ చప్పుడు మాకు వెనుక ఉంది, గాలి మమ్మల్ని నెట్టేది ఆ వైపుకే.

ఇషా నమాజుకు లేచాను. లంగరు వేసిన పడవ ముక్కు ఎప్పుడూ గాలికి ఎదురుగా ఉంటుంది. ఆ రాత్రి అది ఈశాన్యానికి తిరిగి ఉంది కాబట్టి, పడవ వెనుకభాగం వైపు చూసి కొంచెం కుడికి తిరిగితే ఖిబ్లా. నిలబడటానికి వీలుకాని ఊపు. కూర్చునే మొదలుపెట్టాను. రెండో రకాతులో నా చెంపకు తగలవలసిన గాలి వీపుకు తగలడం మొదలైంది. పడవ గాలికి అడ్డంగా తిరుగుతోంది. పడవ అడ్డం తిరిగిందంటే దాని ముక్కును పట్టుకున్నది వదిలేసిందని అర్థం. ప్రాణాపాయం ఎదురైతే నమాజును ఆపవచ్చునని, ఆపాలని కూడా మన ధర్మశాస్త్రం చెబుతుంది. సలాము కోసం ఆగకుండా లేచి, ‘లంగరు జారుతోంది!’ అని అరిచాను.

సరంగు అప్పటికే లేచారు. ఒడ్డున పడవకు పక్కదిక్కుగా రెండు దీపాలను, ఒకటి దీపస్తంభానిది, ఒకటి టవరు మీది ఎర్రది, ఒకదాని వెనుక ఒకటి వచ్చేలా ఆయన గుర్తు పెట్టుకున్నారు. అవి విడిపోయాయి. ఆయన మాటల్లో కంగారు లేదు.

‘‘సాయిబు గారూ, మీరు ఇంజను కాడ్నించి లేవొద్దు. తాడు సంగతి మేం చూసుకుంటాం.’’

నలుగురు కుర్రవాళ్లు జారుతున్న లంగరును పైకి లాగి, మట్టి విదిల్చి, మళ్లీ వేశారు. ఈసారి ఉన్న ముప్పై అయిదు బారలూ వదిలారు. ఒక్కసారిగా వదలలేదు. కొంచెం వదిలి, పడవ గాలికి వెనక్కి జరిగి తాడు బిగిసేదాకా ఆగి, మళ్లీ కొంచెం వదిలారు. కొక్కెం నెమ్మదిగా దిగాలంటే అదే పద్ధతి. రెండో చిన్న లంగరును కొంచెం పక్కగా వేశారు. పైనుంచి చూస్తే రెండు తాళ్లూ చీలిన కొమ్మలా కనిపిస్తాయి. అంచు మీద తాడు ఒరుసుకునే చోట గోనెసంచి చుట్టి కట్టారు. తాళ్లు తెగేది మధ్యలో కాదు, ఆ ఒరిపిడి దగ్గరే. తరువాత ఒక కుర్రవాణ్ణి ముందుభాగాన కూర్చోబెట్టి, తాడు మీద చెయ్యి వేసి ఉంచమన్నారు. జారుతున్న లంగరు తాడు వణుకుతుంది, పట్టుకున్న లంగరు తాడు బిగిసి, సడలి, మళ్లీ బిగుస్తుంది. ఆ తేడా కంటికి కనిపించదు, అరచేతికి తెలుస్తుంది.

దీపాలు మళ్లీ కదలలేదు. నేను నమాజు మొదటి నుంచి చేసుకున్నాను.

రాత్రి తొమ్మిదింటికి ఆ కుర్రవాళ్లలో ఒకడికి ఫోను వచ్చింది. భార్యకు నొప్పులు మొదలై ఆసుపత్రికి తీసుకెళ్లారు. తొలి కాన్పు. పదకొండు గంటలకు ఇంజను అందుకుంది. అతడు సరంగు దగ్గరికి వెళ్లి బతిమాలాడు. ‘‘బాబాయ్, మూడున్నరకు పోటు వస్తది. లోనికి పోదాం. మొగ మనకు తెలియంది కాదు.’’

‘‘తెలుసు గాబట్టే వద్దంటున్నా. చీకట్లో, ఈ గాలికి, మేట మీద కెరటం ఎక్కడ విరుగుతుందో నీకూ కనపడదు, నాకూ కనపడదు. బిడ్డ మొహం పొద్దున్న చూస్తావో సాయంత్రం చూస్తావో, చూడటానికి నువ్వుండాలి గదరా.’’

అతడు ఏడ్చాడు. ఎవరూ ఏమీ అనలేదు. నేనైతే ఆ క్షణంలో అతని పక్షమే. ఇంజను నడుస్తోంది, మూడు నాలుగు మైళ్ల దూరంలో ఊరి దీపాలు కనిపిస్తున్నాయి, అక్కడ ఒక ఆడపిల్ల నొప్పులు పడుతోంది. సరంగు మాత్రం లంగర్లు రెండూ తీయించి, పడవను ఒడ్డుకు కాక సముద్రంలోకి నడిపించారు. లోతు పది బారలకు చేరాక, గాలికి ఎదురుగా నెమ్మదిగా నడుపుతూ తెల్లవార్చారు. కెరటం అక్కడ పెద్దదే, కాని విరగదు. పడవకు శత్రువు సముద్రం కాదు, దగ్గరలో ఉన్న నేల. మరునాడు సాయంత్రం నాలుగింటి పోటు మీద, వెలుతురులో, మొగ దాటి లోపలికి వచ్చాము. అతనికి మధ్యాహ్నమే ఆడపిల్ల పుట్టింది. ఇప్పుడు ఆ పిల్ల బడికి వెళుతోంది.

తుఫానులో చిక్కిన ఓడలోని మనుషులు అల్లాహ్‌ను మాత్రమే మనసారా వేడుకుంటారనీ, ఒడ్డుకు చేరగానే మరచిపోతారనీ ఖుర్‌ఆన్ ఒకటికి రెండుసార్లు గుర్తుచేస్తుంది. మేము రేవులో దిగిన పావుగంటకే టీ కొట్టు దగ్గర కూర్చుని డీజిలు ధర గురించి మాట్లాడుకున్నాము. ఆ ఆయతు ఎవరి గురించో అని అంతకు ముందు అనుకునేవాణ్ణి.

ఇబ్నె బతూతా జీవితంలోని కాలికట్ ఘట్టాన్ని ఆ రాత్రి తరువాత మళ్లీ చదివాను. ముహమ్మద్ బిన్ తుగ్లక్ చక్రవర్తి ఆయనను చైనాకు రాయబారిగా పంపించారు. కానుకలు ఒక పెద్ద ఓడలోకీ, ఆయన సొంత సామాను మరో ఓడలోకీ చేరాయి. జుమా నమాజు కోసం ఆయన ఒడ్డునే ఉండిపోయారు. కాలికట్ కూడా బందరులాగే తెరిచిన రేవు. రాత్రి సముద్రం పొంగింది. కానుకలున్న ఓడ పగిలిపోయింది, అందులోని వారు మరణించారు. అది చూసిన రెండో ఓడవారు తెరచాపలు ఎత్తి, ఆయన సామానుతో సహా సముద్రంలోకి వెళ్లిపోయారు. ఒడ్డున ఆయనకు మిగిలినవి పది దీనార్లు, పరచుకునే తివాచీ. ఆ రెండో ఓడ నాయకుడు ఆయన్ను వదిలేసి వెళ్లాడని చాలామంది నిందిస్తారు. సరంగు పడవను బయటికి తిప్పడం చూసినవాణ్ణి కనుక, ఆ నాయకుడు చేసింది సరైన పనే అనుకుంటాను. ఆ గాలిలో తెరిచిన రేవులో ఉండిపోతే రెండు ఓడలూ పగిలేవి.

నష్టపోయినవాణ్ణి ఒడ్డు ఎలా చూస్తుందన్నది మరో సంగతి. గాలికి కొట్టుకువచ్చి ఒడ్డెక్కిన ఓడలోని సరుకంతా రాజుదే అని పూర్వపు పాలకులు లాక్కునేవారు. మన తీరంలోనే, ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉన్న మోటుపల్లిలో, 1244లో కాకతీయ గణపతిదేవుడు అభయశాసనం వేయించారు. ఇకపై అలా లాక్కోబోమనీ, నిర్ణీత సుంకం మాత్రమే తీసుకుంటామనీ దాని సారాంశం. దూరదేశాల నుంచి వచ్చే వర్తకులందరికీ ఆ హామీ వర్తించింది. తెలిసిన దారిలో పోయి గాలికి నష్టపోవడం నేరం కాదని ఒక తెలుగు రాజు రాతి మీద చెక్కించడం నాకు గొప్పగా అనిపిస్తుంది.

ఒంటెను కట్టి అల్లాహ్‌పై భారం వేయాలా, కట్టకుండా వేయాలా అని ఒకరు అడిగినప్పుడు, ముందు కట్టి ఆ తరువాత భారం వేయమని దైవప్రవక్త (స) చెప్పిన హదీసు తిర్మిజీ సంకలనంలో ఉంది. మన ఇళ్లలో ఇది అందరికీ కంఠతా వచ్చు. అయితే దీన్ని చెప్పేటప్పుడు తవక్కుల్ గురించి చెప్పినంత, కట్టడం గురించి చెప్పం. ఎంత తాడుతో, ఏ ముడితో, దేనికి కట్టాలి? పన్నెండు బారలతో కట్టినది కట్టినట్టా? నా మటుకు నాకు, ఆ హదీసులోని మొదటి సగం ఒక మాటలో ముగిసేది కాదు, దానికి జీవితకాలపు నేర్పు కావాలి.

లంగరు పనికిరాని రోజులు కూడా ఉన్నాయి. 1864 నవంబరు 1 రాత్రి బందరు మీదికి వచ్చిన ఉప్పెనలో 30,000 మంది వరకు చనిపోయారని చరిత్ర చెబుతుంది. 1977 నవంబరు 19న దివిసీమలో పది వేలకు పైగా ప్రాణాలు పోయాయి. అప్పుడు నీరు లేచిన ఎత్తుకు ఏ తాడు లెక్కా సరిపోదు. అలాంటి గాలికి పడవ రేవు లోపల, కాలువలో పైకి ఉండాలి, మనుషులు ఊరు వదలాలి. ఇప్పుడు హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం నుంచి ముందే కబురు వస్తుంది, రేవులో ప్రమాద సూచికలు ఎగురుతాయి. మూడో నంబరు ఎగిరితే కొందరు ఇంకా నవ్వుకుంటూ వెళతారు. పదో నంబరు చూసి నవ్వినవాణ్ణి నేను చూడలేదు. గిలకలదిండి మొగ పూడిక మాత్రం ఏటా ఉన్నదే. తవ్వినా మళ్లీ మేట వేస్తుంది, పోటు కోసం బయట వేచి ఉండటం తప్పదు. అమావాస్యకూ పౌర్ణమికీ పోటు ఎక్కువ కాబట్టి, మన ఇస్లామీ నెల ఒకటో తేదీ చుట్టూ, పదిహేనో తేదీ చుట్టూ మొగ దాటడం కొంచెం సులువు. ఆ లెక్క తెలిసిన పల్లెకారు సోదరులు మా ఇంటి గోడమీది హిజ్రీ క్యాలెండరు చూడటానికి దుకాణానికి వస్తుంటారు.

ఏప్రిల్ 15 నుంచి వేట నిషేధం. పడవలు ఒడ్డున కూర్చునే ఆ అరవై ఒక్క రోజుల్లోనే తాళ్లూ గొలుసులూ మార్చుకుంటారు. మొన్న ఒక కుర్రవాడు ఫైబరు పడవకు తాడు కావాలని వచ్చాడు. ఎన్ని బారలు అంటే ఇరవై అన్నాడు. ఎంత లోతులో ఆగుతావు అని అడిగాను. అయిదారు బారల్లో అన్నాడు. గుండిగ నుంచి నలభై బారలు కొలిచి తెంపాను. ‘‘అంత డబ్బు తేలేదు మామూ’’ అన్నాడు. వేట మొదలయ్యాక, జూన్ 14 దాటిన తరువాత, రెండు వాయిదాల్లో ఇస్తే చాలన్నాను. పేరు ఖాతాలో రాసుకున్నాను. గొలుసు కూడా చూపించమన్నాడు.